ఏ గది తాళం ఏ గదికి

తెలుగులో తాళానికి ఒళ్ళుంది. తాళం కప్ప, తాళం చెవి. తెలంగాణలో కొన్నిచోట్ల చెవి బదులు చెయ్యి అంటారు, సీమలో చాలామందికి అది బీగం. మా విజయనగరం, శ్రీకాకుళం వైపు పాత ఇళ్ళల్లో తాళం కన్నా బేడానికే పని ఎక్కువ. ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవాళ్ళు కాబట్టి లోపల్నుంచి బేడం వేసుకుంటే సరిపోయేది. బయట తాళం పడిందంటే ఊరెళ్ళారనో, ఏదో గొడవ జరిగిందనో అర్థం. ఇవన్నీ ఆలోచించడం నాకు సరదానే గానీ, తాళాల చరిత్ర చదవడం మొదలుపెట్టింది మాత్రం భాష మీద ఇష్టంతో కాదు. ఒక అమ్మాయి గురించి.

2010లో నేను విజయనగరంలో డిగ్రీ చదువుతూ ఒక ప్రైవేటు లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. రెండంతస్తులు, అంతస్తుకి పన్నెండు గదులు, గదికి ఇద్దరు. కొత్త బిల్డింగు. తలుపులకి కప్పలు కాకుండా లోపల అమర్చిన సిలిండర్ తాళాలు. అన్ని గదులూ తెరిచే మాస్టర్ కీ మేట్రన్ దగ్గర ఉందని చేర్చేటప్పుడే గొప్పగా చెప్పారు. మా నాన్నకి ఆ మాట బాగా నచ్చింది. ఆ మాస్టర్ కీ ఆఫీసు గదిలో కేలండర్ మేకుకి వేలాడేది.

ఒకరోజు రాత్రి కరెంటు పోయింది. మెస్ నుంచి వస్తూ ఫోన్లో మాట్లాడుతూ మెట్లెక్కడం మర్చిపోయి, మా గదికి సరిగ్గా కిందున్న గది తలుపుకి నా తాళంచెవి పెట్టాను. తిరిగింది. తలుపు తీసి చూస్తే మంచం మీద దుప్పటి నాది కాదు. మూసేసి పైకొచ్చి మా రూమ్మేట్‌కి చెప్పాను. ఇద్దరం నవ్వుకున్నాం.

రెండు నెలల తర్వాత ఆ కింది గదిలో నాలుగు వేల రూపాయలు, ఒక జత దిద్దులు పోయాయి. తాళం పగల్లేదు, గీత కూడా పడలేదు. గదికి చెవులు రెండే. ఒకటి పోగొట్టుకున్నమ్మాయి దగ్గర, రెండోది ఆమె రూమ్మేట్ దగ్గర. ఆ రూమ్మేట్ సీతంపేట ఏజెన్సీ నుంచి వచ్చిన పిల్ల, స్కాలర్‌షిప్ మీద చదువుతోంది. "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు" అంది మేట్రన్, పట్టుకున్నట్టే మొహం పెట్టి. పోలీసుల దాకా వెళ్ళలేదు. ట్రంకు పెట్టె వెతికారు, ఏమీ దొరకలేదు, అయినా పది రోజుల్లో ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. వాళ్ళ నాన్న పెట్టె భుజాన పెట్టుకుని గేటు దాటడం పైనుంచి చూశాను.

నా చెవితో ఆ తలుపు తెరుచుకుంటుందని నేను చెప్పలేదు. చెప్తే తర్వాత వెతికేది నా పెట్టె.

తాళం పగలకపోతే లోపలివాళ్ళే అన్న తీర్మానం కొత్తది కాదు. తాళం చేసేవాళ్ళకి రెండు వందల ఏళ్ళ కిందటే ఈ ప్రశ్న ఎదురైంది. 1817లో ఇంగ్లండులో పోర్ట్స్‌మత్ ఓడల రేవులో దొంగతనం జరిగింది. వచ్చినవాళ్ళు ఏదీ బద్దలుకొట్టలేదు, దొంగచెవులతో తెరిచారు. అలా తెరవడానికి వీల్లేని తాళం చేసి చూపించమని ప్రభుత్వం పోటీ పెట్టింది. మరుసటి ఏడాది, అంటే 1818లో, జెరెమయా చబ్ అనే ఆయన ఒక తాళానికి పేటెంటు తీసుకున్నాడు. పరాయి చెవితో గెలికితే లోపలున్న మీట ఒకటి మరీ పైకి లేచి అక్కడే ఇరుక్కుపోతుంది. యజమాని వచ్చి తన చెవి పెడితే తిరగదు. ఎవరో ప్రయత్నించారని అప్పుడు తెలుస్తుంది. దొంగని ఆపడంతో పాటు సాక్ష్యం చెప్పడం కూడా తాళం పనే అని ఆయన అనుకున్నాడు. నాకు తెలిసి తాళాల చరిత్రలో అంతకన్నా మర్యాదైన ఆలోచన ఇంకోటి లేదు.

ఆ చబ్ తాళాన్ని 1851లో, లండన్ మహాప్రదర్శన జరుగుతున్న రోజుల్లో, ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికన్ అరగంట లోపే తెరిచేశాడు. బ్రామా కంపెనీ వాళ్ళు పికడిల్లీలో తమ దుకాణం కిటికీలో దశాబ్దాల తరబడి పెట్టిన తాళం ఇంకోటుంది. తెరిచినవాళ్ళకి 200 గినీలు అని దాని మీద సవాలు. దాన్ని కూడా పదహారు రోజుల్లో, మొత్తం యాభై గంటల పైచిలుకు కూర్చుని తెరిచాడు. పేపర్లలో గోల. తాళాల లోపాలు బయటపెడితే దొంగలకి పాఠం చెప్పినట్టు కాదా అని పెద్దమనుషులు అడిగారు. దొంగలకి ఆ పాఠం ఎప్పుడో వచ్చు, తెలియనిది కొనుక్కునేవాళ్ళకే అని హాబ్స్ పక్షం వాళ్ళ జవాబు. హాస్టల్లో నేను ఏ పక్షాన ఉన్నానో వేరే చెప్పక్కర్లేదు.

మన దగ్గరికొస్తే, 1897 ఒక చిత్రమైన ఏడాది. గురజాడ 'కన్యాశుల్కం' మొదటిసారి అచ్చయింది ఆ ఏడే. బొంబాయి లాల్‌బాగ్‌లో అర్దేశిర్ గోద్రెజ్ తాళాల షెడ్డు పెట్టింది కూడా ఆ ఏడే. ఆయన అంతకుముందు వకీలు. కోర్టులో అబద్ధం చెప్పలేక ఆ వృత్తి వదిలేశాడని చెప్తారు. తర్వాత ఆపరేషన్ పరికరాలు చేసి దెబ్బతిన్నాడు. బొంబాయిలో దొంగతనాలు పెరిగాయని పేపర్లో చదివి తాళాల్లోకి దిగాడు. ఈ రెండింటికీ సంబంధం లేదు. కానీ తలుపు చప్పుడైతే మంచం కింద దూరే గిరీశాన్ని, పేరులోనే పిసినారితనం ఉన్న లుబ్ధావధాన్లుని తలుచుకుంటే, గోద్రెజ్‌కి ఇక్కడ బేరం ఎందుకు కుదిరిందో అర్థమవుతుంది. ఇనప్పెట్టెలు రాకముందు మా అమ్మమ్మ వాళ్ళింట్లో భోషాణం ఉండేది. దాని తాళం ఎవరైనా తెరవగలరు. తెరవనివ్వంది తాళం కాదు, రాత్రి దాని మీద పడుకునే ముసలాయన. పగలు చెవుల గుత్తి అమ్మమ్మ రొంటిన ఉండేది. ఆ గుత్తి పెద్ద కోడలి చేతికి వచ్చిన రోజు ఇంట్లో ప్రభుత్వం మారినట్టు.

మా తాతయ్య, అంటే నాన్న నాన్న, శ్రీకాకుళం జిల్లాలో ఒక సబ్‌ట్రెజరీలో షరాబుగా చేశాడు. ట్రెజరీ స్ట్రాంగ్‌రూముకి ఎప్పుడూ రెండు తాళాలు. ఒక చెవి ఆఫీసరు దగ్గర, ఇంకోటి షరాబు దగ్గర. ఇద్దరూ వచ్చి నిలబడితే తప్ప తలుపు తెరుచుకోదు. ఒకరి చెవి ఇంకొకరి చేతికి రాకూడదు. తెల్లవాళ్ళ కాలం నుంచీ వస్తున్న పద్ధతి. తాతయ్య తన చెవిని మొలతాడుకి కట్టుకునేవాడు. సెలవు కావాలంటే ముందు చార్జి అప్పగించాలి, రాసిచ్చి సంతకం పెట్టాలి. సొంత తమ్ముడి పెళ్ళికి ముహూర్తం టైముకి అందుకోలేకపోయాడని నాన్నమ్మ చచ్చేదాకా దెప్పింది. లోపల నగదు, స్టాంపు కాగితాలు, వాటితో పాటు లక్కసీలు వేసిన కవర్లు కొన్ని. ఆ కవర్లలో ఏముంటాయి తాతయ్యా అని చిన్నప్పుడు అడిగితే, "వేరే ఆఫీసుల డూప్లికేట్ తాళాలు" అన్నాడు. తాళాలకి తాళం వేసి దాచడం అప్పట్లో నాకు పెద్ద జోకు.

అది జోకు కాదని 2018లో పూరీ వార్తలు చదివాక తెలిసింది. మా వైపు వాళ్ళకి పూరీ పక్కూరు లాంటిది, రాత్రి రైలెక్కితే తెల్లారి దర్శనం. జగన్నాథుడి రత్నభండారం లోపలి గదిని ఆ ఏడాది ఏప్రిల్ 4న చూడబోతే, దాని తాళంచెవి కనబడడం లేదని బయటపడింది. రాష్ట్రమంతా అట్టుడికింది. విచారణకి ఒక రిటైర్డ్ జడ్జిని వేశారు. జూన్‌లో కలెక్టరేట్ రికార్డు రూములో ఒక కవరు దొరికింది, డూప్లికేట్ తాళాలు అని రాసి ఉంది. హమ్మయ్య అనుకున్నారు. చివరికి 2024 జూలై 14న గది తెరవబోతే ఆ చెవులు పట్టలేదు. తాళాలు పగలగొట్టి లోపలికి వెళ్ళారు. అసలు చెవి ఎప్పుడు పోయింది, ఎవరి హయాంలో పోయింది అన్నవి రాజకీయ ప్రశ్నలైపోయాయి. నాకు మా తాతయ్య మొలతాడు గుర్తొచ్చింది. ఆయన చెవి పోతే ఆ సాయంత్రానికే తెలిసేది, ఎందుకంటే ఆ చెవి రోజూ పని చేసేది. ఏళ్ళ తరబడి ఎవరూ తీయని తాళానికి చెవి ఉన్నా లేకపోయినా ఒకటే.

ట్రెజరీ పద్ధతీ, బ్యాంకు లాకరూ ఒక కుటుంబం. లాకరు దగ్గర బ్యాంకువాళ్ళు పెట్టే చెవిని కూడా మాస్టర్ కీ అనే అంటారు. కానీ అది ఒక్కటీ దేన్నీ తెరవదు. అదీ, మన చెవీ రెండూ కావాలి. హాస్టళ్ళలో, లాడ్జిల్లో ఉండే మాస్టర్ కీ దీనికి పూర్తిగా తిరగబడ్డ జాతి. అదైనా సరే, ఇదైనా సరే, తలుపు తెరుచుకుంటుంది. పేరు ఒకటే కావడంతో జనం రెండింటినీ ఒకేలా నమ్ముతారు. మా నాన్నా అలాగే నమ్మాడు, ట్రెజరీ షరాబు కొడుకై ఉండి.

రెండేళ్ళ కిందట, అప్పటి నా జూనియర్ ఒకామె ఇప్పుడు అదే హాస్టల్ చూసుకుంటోందని తెలిసింది. తాళాలు తుప్పుపట్టి సతాయిస్తున్నాయి, మొత్తం మార్పించాలా అని ఫోన్లో అడిగింది. ముందు ఒక పని చేద్దాం అన్నాను. వేసవి సెలవుల్లో గదులు ఖాళీ. గంటస్తంభం దగ్గర గొడుగు కింద కూర్చుని డూప్లికేట్ తాళాలు చేసే ఒకాయన్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. నలభై ఏళ్ళుగా అదే పని. నేను బాబాయ్ అంటే ఆయన తల్లీ అంటాడు. ఇరవై నాలుగు చెవుల్నీ ఇరవై నాలుగు తలుపులకీ పెట్టి చూశాం. తెల్లకాగితం మీద గళ్ళు గీసి, తెరుచుకున్న చోటల్లా ఇంటూ కొట్టాను. పొద్దున్న మొదలుపెడితే మధ్యాహ్నం భోజనాలు దాటింది.

సొంత గదులు పోగా ఇంటూలు ముప్పై రెండు. వాటి వరస చూస్తే అవి చెల్లాచెదురుగా లేవు. ఎనిమిది చెవులు మాత్రమే తప్పు చేస్తున్నాయి, ఒక్కొక్కటీ సరిగ్గా నాలుగేసి పరాయి గదులు తెరుస్తోంది. మిగిలిన పదహారు చెవులూ బుద్ధిమంతులు, కానీ ఆ పదహారు గదుల్లో ప్రతిదాన్నీ వేరే రెండు గదుల చెవులు తెరుస్తున్నాయి. బాబాయి ఒక సిలిండరు ఊడదీసి పిన్నులు గుడ్డ మీద పరిచాక సంగతి అర్థమైంది.

ఈ రకం తాళం లైనస్ యేల్ అనే అమెరికన్ 1860ల్లో పేటెంటు చేసింది. మూలం ఇంకా పాతది, ప్రాచీన ఈజిప్టులో చెక్కతో చేసుకున్న తాళాల సూత్రమే. లోపల తిరిగే ఇరుసు ఒకటి. దాని మీద వరసగా ఐదు రంధ్రాలు, ఒక్కోదాంట్లో రెండు ముక్కల పిన్ను, పైన స్ప్రింగు. చెవి లేనప్పుడు పై ముక్క ఇరుసులోకి దిగి అడ్డం పడుతుంది. సరైన చెవి దూరితే దాని గంట్లు ఐదు పిన్నుల్నీ ఎంత లేపాలో అంతే లేపుతాయి. ముక్కలు విడిపోయే చోట్లన్నీ ఇరుసు అంచుకి ఒక గీతలో వస్తాయి, తిరుగుతుంది. మాస్టర్ కీ కావాలంటే రెండు ముక్కల మధ్య ఇంకో పలచటి బిళ్ళ వేస్తారు. అప్పుడు ఆ పిన్ను రెండు ఎత్తుల్లో విడిపోతుంది. ఒకటి గది చెవికి, ఒకటి మాస్టర్‌కి. కిటుకు ఏంటంటే, ఏ ఎత్తు ఎవరిదో పిన్నుకి తెలీదు. ఐదు రంధ్రాల్లోనూ బిళ్ళలు వేస్తే ఆ తాళం రెండు రకాల చెవులతో కాదు, ముప్పై రెండు రకాల చెవులతో తెరుచుకుంటుంది. సగం గదిదీ సగం మాస్టర్‌దీ కలిసిన చెవులన్నీ పనిచేస్తాయి. అందుకే ఈ విద్యలో మొదటి నియమం, బిళ్ళ వేసిన రంధ్రం దగ్గర ఏ గది చెవికీ మాస్టర్ లోతు ఇవ్వకూడదు.

మా హాస్టల్ తాళాలు పెట్టినాయన పని తగ్గించుకున్నాడు. ఐదు రంధ్రాల్లో మూడు అన్ని గదులకీ ఒకేలా వదిలేసి, రెంటిని మాత్రం మార్చాడు. గంటు లోతులు ఐదు రకాలు. ఐదైదులు ఇరవై ఐదు. ఒకటి మాస్టర్‌కి పోగా ఇరవై నాలుగు. గదులూ ఇరవై నాలుగే! లెక్క అంత చక్కగా కుదిరినందుకు ఆయన ఎంత మురిసిపోయి ఉంటాడో. మాస్టర్ మొదటి రెండు గంట్లు 4, 2 అనుకోండి. నా గదిది 3, 2. కింది గదిది 3, 5. కింది తాళం మొదటి రంధ్రంలో 3కి గానీ 4కి గానీ, రెండోదాంట్లో 5కి గానీ 2కి గానీ విడిపోతుంది. నా 3, 2 దానికి సరిపోయింది. వాళ్ళ 3, 5 మాత్రం నా తలుపు తెరవలేదు, నా రెండో రంధ్రంలో 2 ఒక్కటే ఉంది గనక. నేను వాళ్ళ గదిలోకి వెళ్ళగలను, వాళ్ళు నా గదిలోకి రాలేరు. ఆ కింది గదిని తెరిచే ఇంకో చెవి 4, 5ది, ఆ గది అటు చివర. అంటే ఆ రోజు అనుమానించాల్సింది ఒక రూమ్మేట్‌ని కాదు. రెండు గదుల్లో ఉన్న నలుగురిని, పైగా కేలండర్ మేకు దగ్గరికి వెళ్ళగలిగిన ప్రతి ఒక్కరినీ. ఆ నలుగురిలో ఇద్దరం మేం.

బాగుచెయ్యడం దగ్గర నేనూ ఆ మొదటాయన దారే పట్టబోయాను. తప్పు చేసే చెవులు ఎనిమిదే కదా, ఆ ఎనిమిది గదుల్నీ మారుద్దాం, మూడో రంధ్రంలో కొత్త లోతులు ఇద్దాం, మిగిలిన పదహారూ ముట్టుకోవద్దు అన్నాను. ఖర్చు మూడో వంతు. బాబాయి బీడీ ఆర్పి, "ఆ పదారు సెవులకీ మూడోకాడ ఉన్నది మాస్టరు కొలతే కదేటి తల్లీ. నువ్వు కొత్తగా మార్సిన తలుపులు ఆటికి తెరుసుకుంటాయి. అటుది ఇటొచ్చింది, అంతే కద" అన్నాడు. కాగితం మీద వేసి చూశాను. నిజమే. ఎంఏ చదివి ఏం లాభం.

చివరికి ఇరవై నాలుగూ విప్పాం. మూడు రంధ్రాలు మార్చేట్టు, ఒక్కోదాంట్లో మాస్టర్ లోతు తీసేసి మిగిలిన నాలుగు మాత్రమే వాడేట్టు. నాలుగు నాలుగులు పదహారు, పదహారు నాలుగులు అరవై నాలుగు. అందులో ఇరవై నాలుగు వాడి, మిగిలిన నలభై కాగితం మీద రాసి ఉంచాం, ఎవరైనా చెవి పోగొట్టుకుంటే కొత్తది ఇవ్వడానికి. సిలిండర్లు పాతవే, పిన్నులు మాత్రం కొత్తవి. మళ్ళీ అన్ని చెవులూ అన్ని తలుపులకీ పెట్టి చూశాం. ఈసారి గళ్ళ కాగితంలో సొంత గదుల ఇంటూలు తప్ప ఇంకేం లేవు.

అంతటితో అయిపోలేదు. 2003లో మ్యాట్ బ్లేజ్ అనే కంప్యూటర్ భద్రతా పరిశోధకుడు ఒక వ్యాసం రాశాడు. మాస్టర్ కీ పెట్టిన బిల్డింగులో ఒక గది తాళమూ, దాని మామూలు చెవీ ఉన్నవాళ్ళు ఎవరైనా కొద్దిపాటి ప్రయత్నంతో మాస్టర్ కొలతలు రాబట్టుకోవచ్చని అందులో చూపించాడు. తాళాలవాళ్ళు మండిపడ్డారు. లెక్క తప్పని కాదు, తమలో చాలామందికి తెలిసిన సంగతి ఊరికి చెప్పినందుకు. 1851 గొడవే మళ్ళీ. అంటే తప్పుల్లేకుండా చేసిన మాస్టర్ వ్యవస్థ కూడా లోపల ఉండేవాళ్ళ దగ్గర రహస్యం కాదు. అసలు మాస్టరే తీసేద్దామా అన్నాను. జూనియర్ ఒప్పుకోలేదు. రాత్రిపూట ఎవరైనా లోపల స్పృహ తప్పితే, మంట పుడితే ఏం చెయ్యాలి? ఆమె మాట సబబే.

అందుకని కేలండర్ మేకు పీకించి, ఆఫీసు గోడకి చిన్న ఇనప డబ్బా పెట్టించాం. దానికి రెండు కప్పలు. ఒక చెవి మేట్రన్ దగ్గర, ఇంకోటి నెలకొక అమ్మాయి దగ్గర. తీసినప్పుడు రిజిస్టరులో ఇద్దరి సంతకాలు. రెండో చెవి అమ్మాయి ఊరెళితే అప్పగించి వెళ్ళాలి. మరీ అవసరమైతే పగలగొట్టుకోవచ్చు, డబ్బా రేకు పలచనిదే పెట్టాం కావాలనే. పగిలితే పగిలినట్టు కనబడాలి. బాబాయికి ఈ ఏర్పాటు నచ్చలేదు, నాలుగు రోజులు చేసి మానేస్తారు అన్నాడు. మానెయ్యొచ్చు. మొన్న ఫోన్ చేస్తే రిజిస్టరు ఇంకా రాస్తున్నారని చెప్పింది.

మొదటి గళ్ళ కాగితం, ముప్పై రెండు తప్పు ఇంటూలది, నా దగ్గరే ఉంది. ఆ సీతంపేట అమ్మాయి ఇప్పుడు పార్వతీపురం వైపు టీచరు. నంబరు దొరికి ఏడాది దాటింది. ఏం రాయాలో తెలీక పోయిన నెల దాకా ఊరుకున్నాను. చివరికి కాగితం ఫోటో తీసి పంపి, ఏ గీత ఏమిటో కింద వివరంగా రాశాను, వాళ్ళ గది తలుపుకి ఇంకో రెండు గదుల చెవులు పట్టేవని. రెండు రోజులు ఏమీ లేదు. మూడో రోజు ఒకే వాక్యం వచ్చింది. "అందులో నీ రూమ్ ఏదక్కా?"

నంబరు చెప్పాను.